పడవ వినపడే ఊరు, వినపడని ఊరు

ఆగండి, ఆగండి. చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఐదు నిమిషాలు నా మాట వినండి. ఆదివారం సాయంత్రంలోగా నేనొక ఊరు ఎంచుకోవాలి. ఇవాళ శుక్రవారం. కాలు ఒకచోట నిలవడం లేదు, అందుకే గబగబా చెప్పేస్తున్నాను.

నా పని పుస్తకాలు చదవడం. ఊరికే చదవడం కాదు, మైకు ముందు కూర్చుని పైకి చదవడం. ఆడియో పుస్తకాలన్నమాట. సిటీలో మా పక్క ఫ్లాట్ వాడు గోడకి డ్రిల్లింగ్ మొదలుపెట్టి ఏడాదైంది. ఆ గోడ ఇంకా ఎలా నిలబడి ఉందో నాకు తెలీదు. నా రికార్డింగులు ఎడిట్ చేసేది మా అక్క. ఒకరోజు ఆవిడకి ఒళ్లు మండింది.

"ఒరేయ్, హీరోయిన్ కన్నుమూస్తుంటే వెనక డ్రిల్లింగేంట్రా? ఏ చప్పుడూ లేని చోటికి పో. పన్నెండు పుస్తకాల కాంట్రాక్టు, ఇలా అయితే చెయ్యి జారిపోతుంది."

అలా ఈ దీవికి వచ్చిపడ్డాను. ఇక్కడ ఉన్నవి రెండే ఊళ్లు, మధ్యలో ఒక కొండ. రేవు ఉన్నది ముందూరు. కొండ దాటి నలభై నిమిషాలు నడిస్తే వెనకూరు. రెండు ఊళ్లలోనూ ఖాళీ ఇల్లు ఉన్నది ఒకావిడకే. ఒకటి పుట్టింటివాళ్లది, ఒకటి అత్తింటివాళ్లది.

"రెండు వారాలు ఇక్కడుండు, రెండు వారాలు అక్కడుండు బాబూ. నచ్చినది ఏడాదికి రాసిస్తా. రెండోది వేరేవాళ్లకి ఇచ్చేస్తా," అంది.

ముందు ముందూరు. మొదటి రోజు కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ 'ఊరంతా నిశ్శబ్దంగా ఉంది' అని చదివానో లేదో, డుగ్ డుగ్ డుగ్ డుగ్.

మళ్లీ మొదలుపెట్టాను. 'ఊరంతా నిశ్శబ్...' డుగ్ డుగ్.

మెడలో హెడ్‌ఫోన్స్‌తోనే రేవుకి పరిగెత్తాను. పడవ నడుపుతున్నది ఒకమ్మాయి. చేతులకి గ్రీజు, నెత్తిన టోపీ, వెనక ఇరవై మంది ప్యాసింజర్లు.

"ఏవండీ! కొంచెం ఆ ఇంజన్ ఆపుతారా?"

"ఇక్కడాపాలా, నీళ్ల మధ్యలో ఆపాలా?"

"అది కాదండీ. చప్పుడు లేకుండా రాలేరా?"

"ఎందుకు రాను? మీరు దిగి వెనక నుంచి తోయండి."

ఇరవై మందీ ఒకేసారి నవ్వారు. నవ్వనిది ఒక్క ముసలాయనే. ఆ అమ్మాయి వాళ్ల నాన్న. ముప్ఫై ఏళ్లు ఆ ఇంజన్ పక్కనే నిలబడి పడవ నడిపాడట, చెవులు దాదాపు పోయాయి. ఆయన గుసగుసలాడినా కొండ అవతలికి వినపడుతుంది.

"ఏంటంటాడు?" అని అరిచాడు.

"ఏదో చదువుకోవాలంట నాన్నా!"

"పరీక్షలా? ఈ వయసులోనా?"

మర్నాడు పడవ రావడానికి పది నిమిషాల ముందు దూరంగా ఒక హారన్ వినపడింది. ఆ తర్వాతే డుగ్ డుగ్. మూడో రోజుకి గాని నా బుర్రకి వెలగలేదు, ఆ హారన్ నా కోసమే, మైకు ఆపుకోమని! రోజుకి ఆరు ట్రిప్పులు, ఆరు హారన్లు. మైకు ఆపి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేను కదా, రేవుకి వెళ్లేవాణ్ని. ఊరికే. టీకి.

నేనామెని కెప్టెన్ అనడం మొదలుపెట్టాను. ఆమె నన్ను నిశ్శబ్దంగారూ అనేది.

"ఇవాళ కథ ఎందాకా వచ్చింది నిశ్శబ్దంగారూ?"

"వాడు ఉత్తరం రాశాడు."

"ఇచ్చాడా?"

"ఇంకా లేదు."

"ఎన్ని పేజీలు సాగదీస్తాడండీ వాడు? ఇచ్చి చావొచ్చుగా!"

అలా అని నా వంకే చూసింది. నేను ఖాళీ గ్లాసులోంచి టీ తాగాను.

రెండు వారాలు ఎలా అయిపోయాయో తెలీదు. బ్యాగు సర్దుకుని కొండెక్కబోతుంటే అంది, "అక్కడ నా గోల ఉండదు లెండి."

"అవును, హాయి," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో, నన్ను నేను తన్నుకోవాలని ఇప్పటికీ ఉంది.

వెనకూరు ఎంత సైలెంటంటే, టేబుల్ మీద పెన్సిల్ దొర్లితే పక్కింటావిడ తొంగి చూసింది. రికార్డింగు అద్దంలా వచ్చింది. నాకే కుదురు లేదు. రెండు పేజీలు చదవడం, లేవడం, కిటికీ దాకా వెళ్లడం, రావడం. ముందూర్లో హారన్ మోగే పదకొండున్నర అయ్యేసరికి చెయ్యి దానంతటదే స్టాప్ బటన్ మీదకి పోయేది. ఎందుకు ఆపానో తెలీక మళ్లీ నొక్కేవాణ్ని.

పదకొండో రోజు, అంటే నిన్న, అక్క ఫోను.

"ఫైళ్లన్నీ వెనక్కి పంపుతున్నా."

"అదేంటి? చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు కదా!"

"చప్పుడూ లేదు, నువ్వూ లేవు. ఓటర్ల లిస్టు చదివినట్టు చదివావు. ముందూరి ఫైళ్లు ఒకసారి వినుకో. మామూలుగా చదువుతుంటావు, ఎక్కడో హారన్ పడుతుంది, కట్. మళ్లీ మొదలుపెట్టేసరికి గొంతే వేరు. నవ్వుతూ చదువుతున్నావు. విలన్ డైలాగు కూడా నవ్వుతూనే చదివావు, దాన్ని బాగుచెయ్యలేక చచ్చాను. ఒకసారి కాదురా, రోజుకి ఆరుసార్లు." వెంటనే అడిగింది. "ఎవర్రా ఆ పడవ?"

ఫోను పెట్టేసి చెప్పులేసుకున్నాను.

కొండ సగం ఎక్కేసరికి వాన. మామూలు వాన కాదు, నా మీదే పగబట్టినట్టు. నలభై నిమిషాల దారి పాతిక నిమిషాల్లో జారుకుంటూ దిగాను. రేవులో పడవ కట్టేసి ఉంది. టార్పాలిన్ కింద కెప్టెన్ ఇంజన్‌కి ఏదో బిగిస్తోంది. పక్కనే వాళ్ల నాన్న తాడు చుడుతున్నాడు.

"గొడుగన్నా లేదా మనిషికి?"

"నేను ముందూరి ఇల్లే తీసుకుంటున్నా."

"మరి రికార్డింగు?"

"మీ చప్పుడు లేకపోతే చదవలేకపోతున్నాను కెప్టెన్. మా అక్క కూడా పట్టేసింది, ఓటర్ల లిస్టు చదివినట్టుందంట. హారన్ తర్వాత మీరొచ్చేదాకా ఆ పది నిమిషాలుంటాయే, అవి నాకు కావాలి. అసలు మీరే కావాలి."

స్పానర్ ఆగిపోయింది.

"ఏంటంటాడు?" అన్నాడు వాళ్ల నాన్న. నా ముఖం చూసి ఆయనే తేల్చుకున్నాడు. "ప్రేమించాడా?" మామూలుగానే అడిగాడు, అంటే రేవు మొత్తానికి వినపడింది. "మరి రోజూ ఆరు హారన్లు పిల్ల ఎవరి కోసం కొడుతోందనుకున్నాడంట?"

షెడ్డు కింద వాన తగ్గడం కోసం నిలబడ్డవాళ్లంతా చప్పట్లు! నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. కానీ ఆమె నవ్వడం లేదు.

"ఇటు రా," అని పడవ చివరికి తీసుకెళ్లింది. 'రండి' పోయి 'రా' వచ్చింది. "ముందూరు వద్దు."

"ఎందుకు?"

"నాకు ఎడమ చెవి తగ్గుతోంది. ఇంజన్ వైపు చెవి. మొన్ననే డాక్టర్ చెప్పాడు."



"చెవిలో దూది పెట్టుకుని నడపొచ్చుగా," అన్నాను. ఎంత తెలివో చూడండి.

"అప్పుడు ఎదురొచ్చే పడవ హారన్ ఎవరు వింటారు? వెనక ఇరవై ప్రాణాలుంటాయి. పడవ మాననులే, అది నా పని. కానీ దిగాక చెవికి విశ్రాంతి కావాలన్నాడు. ఇక్కడ చీకటి పడితే తెల్లార్లూ చేపల పడవలే. పని అవగానే కొండెక్కేసి వెనకూర్లో ఉండాలి నేను." గొంతు తగ్గించింది. "మా అమ్మ మాట నాన్న విని పదేళ్లయింది. ఆవిడ చెప్తూనే ఉంటుంది, ఆయన తల ఊపుతుంటాడు. నాకలా వద్దు. నీ గొంతు నాకు చివరిదాకా వినపడాలి."

ఇన్ని పుస్తకాలు చదివాను, ఇలాంటి మాట నాకు ఏ పేజీలోనూ తగల్లేదు.

"అయితే వెనకూరే. ఇప్పుడే వెళ్లి ఇంటావిడకి చెప్పేస్తా," అన్నాను.

"ఓటర్ల లిస్టు వినడానికా నేను కొండెక్కేది? నీ చదువే పోయాక ఇంక నేను వినేదేముంది?"

"పెళ్లెప్పుడంట?" అక్కణ్నుంచే కేక.

"ఊరు తేలాక నాన్నా!"

"నేనైతే వద్దన్లేదు!"

ఇదీ సంగతి. పొద్దున రెండు ఇళ్లూ ఇచ్చెయ్యమని ఇంటావిడని బతిమాలాను. కుదరదంది. ఆదివారం సాయంత్రం రెండో దాంట్లోకి వేరే కుటుంబం దిగుతోందట.

నేనిప్పుడు కొండ మీద కూర్చుని ఇదంతా ఫోన్లో టైప్ చేస్తున్నాను. రెండు ఊళ్లూ కనిపిస్తున్నాయి. అటు చూస్తే ఆమె చెవి, ఇటు చూస్తే నా గొంతు. లేచి నాలుగడుగులు అటు వేస్తాను, మళ్లీ ఇటొస్తాను. నా మనసు వెనకూరి వైపే మొగ్గుతోంది, ఒట్టు. కానీ అక్కడ నా గొంతు ఎండిపోతే ముందు బాధపడేది ఆమే.

మీరైతే ఏ ఊరి తాళం తీసుకుంటారు?