డాక్టరు గారి ఇరవై రెండు ప్రశ్నలు

"ఆ చేతులతో ముట్టుకోకండి!"

ఫణిశ్రీ అరిచిన అరుపుకి ఆఫీసులో ఉన్న పదిహేను మందీ ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. అరుపు మాత్రం ఒక్కరి కోసమే. ప్రింటర్లోంచి జారిపోతున్న కాగితాన్ని పట్టుకోబోయిన ఒక కుర్రాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వానకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. మోచేతుల దాకా మడిచిన చొక్కా కింద ఏదో ఎండి చారలు కట్టి ఉంది.

"సారీ అండీ. పడిపోతోందని..."

"పడితే తీసుకోవచ్చు. మరక పడితే బెంగుళూరు ఇన్‌కమ్‌టాక్సు వాళ్ళు తీసుకోరు. ఏంటండీ అది చేతికి?"

"గేదె ఈనిందండీ. దూడ అడ్డం తిరిగితే సరిచేసి వచ్చాను. కడుక్కున్నాను గానీ పూర్తిగా పోలేదు."

పక్కనున్న ఇద్దరు టీచర్లు మర్యాదగా రెండడుగులు వెనక్కి జరిగారు. దాంతో క్యూలో అతనికి చోటు దొరికింది.

అది రెండువేల తొమ్మిది, జూలై ముప్పై ఒకటి. రిటర్నులు వేయడానికి ఆఖరి రోజు. అమలాపురం గడియార స్తంభం దగ్గర వీరభద్రం గారి టాక్సు ఆఫీసు అది. నలభై ఏళ్ళు కాగితాల మీద రిటర్నులు రాసిన వీరభద్రం గారు ఈ ఏడు కంప్యూటరు కొన్నారు. దాని ముందు తన స్నేహితుడు విశ్వనాథం కూతురు, బీకాం పాసైన ఫణిశ్రీని కూర్చోబెట్టారు. తను పక్క టేబుల్ దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేపరు చదువుతున్నట్టే కనిపిస్తారు గానీ, ఆయన చెవులు ఆఫీసంతా తిరుగుతూ ఉంటాయి.

"పేరు?" అంది ఫణిశ్రీ, అతని వంతు వచ్చాక.

"సత్యప్రసాద్. అంబాజీపేట అవతల పశువుల డాక్టర్నండీ. కౌంటర్లో ఇద్దామనుకున్నాను, అయిదింటికే మూసేశారు. కంప్యూటర్లో అయితే ఇంకా వేయొచ్చన్నారు."

"వేయొచ్చు, సర్వరు దయతలిస్తే. ఈమెయిల్ ఐడీ చెప్పండి."

"లేదండీ. గేదెలు మెయిళ్ళు పంపవు కదా."

క్యూలో అందరూ నవ్వారు. ఫణిశ్రీ నవ్వలేదు, టైము లేదు. తనే అతని పేరు మీద ఒక మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, ఆఫీసు రిజిస్టర్లో ఒకసారి, చిన్న చీటీ మీద ఒకసారి రాసింది. "బెంగుళూరు నుంచి ఏదొచ్చినా దీనికే వస్తుంది. జాగ్రత్త" అని చీటీ ఇచ్చింది. అతను దాన్ని పర్సులో వెంకన్న ఫొటో వెనక్కి నెట్టాడు.

మూడుసార్లు సైటు ఆగిపోయి, నాలుగోసారి రిటర్ను వెళ్ళింది. ప్రింటు తీసిన కాగితం మీద సంతకం పెట్టమంటే పెన్ను వణికింది.

"గేదెలకి ఇంజక్షన్లు చేస్తారు, సంతకానికి వణుకుతారేంటండీ?"

"గేదెకి కోపం వస్తే ఒక్క తన్ను తంతుందండీ, అంతటితో అయిపోతుంది. ఇన్‌కమ్‌టాక్సు వాళ్ళకి కోపం వస్తే ఎన్నాళ్ళుంటుందో తెలీదు కదా."

ఈసారి ఫణిశ్రీ నవ్వింది. ఆ నవ్వు చూసి అతను సంతకం వంకరగా పెట్టాడు. ఇంకో ప్రింటు తీయాల్సి వచ్చింది.

ముప్పై రోజుల్లో ఆ సంతకం కాగితం బెంగుళూరు చేరాలి. చేరకపోతే రిటర్ను వేసినట్టే కాదు. ఈ ఒక్క మాటే సత్యప్రసాద్ నిద్ర చెడగొట్టింది. మూడో రోజే మందుల చీటీ వెనక ప్రశ్నలు రాసుకుని వచ్చాడు.

"ఫారం పదహారు జతచేయాలాండీ?"

"అక్కర్లేదు. ఏమీ జతచేయకూడదు."

"కాగితం మడవొచ్చా?"

"బార్‌కోడు గీతల మీద మాత్రం మడత పడకూడదు."

"రిజిస్టర్ పోస్టు చేస్తే?"

"తీసుకోరు. మామూలు పోస్టులోనే పంపాలి."

"అంత ముఖ్యమైన కాగితం మామూలు పోస్టులోనా! దార్లో పోతే?"

"ఇంకో ప్రింటు తీసి మళ్ళీ పంపాలి."

"రిటర్న్‌లో తప్పు రాసేశామనుకోండి?"

"సరిదిద్ది మళ్ళీ వేయొచ్చు. ఇంతకీ మీరేం తప్పు రాశారండీ?"

"ఏమీ లేదండీ. ముందుగా తెలుసుకుందామని."

అలా రోజు విడిచి రోజు వచ్చాడు. ఓసారి గొడుగుతో, ఓసారి గొడుగు లేకుండా, ఓసారి ఎవరో రైతు ఇచ్చిన జున్ను డబ్బాతో. పేపరు చాటు నుంచి వీరభద్రం గారు "ఈ డాక్టరు గారు ఇన్‌కమ్‌టాక్సు పరీక్షకేమైనా కడుతున్నారా?" అన్నారు. జున్ను మాత్రం సగం ఆయనే తిన్నారు.

అతని బండి చప్పుడు వినపడితే ఫణిశ్రీ చెయ్యి దానంతటదే జడ సర్దుకునేది. ఈ సంగతి మొదట గమనించింది ఆమె కాదు, పక్క కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న మహాలక్ష్మమ్మ టీచరు. "ఎవరమ్మా వచ్చేది?" అని ఆవిడ అడిగితే ఫణిశ్రీకి చెవులు వేడెక్కాయి.

సరిగ్గా ఆ ఆదివారమే ఇంట్లో పెళ్ళిచూపులు జరిగాయి. అబ్బాయి ఉదయ్‌భాస్కర్, విశాఖపట్నంలో బ్యాంకు ఆఫీసరు. నెమ్మదస్తుడు. వంక పెట్టడానికి ఏమీ లేదు, ఫణిశ్రీకి వచ్చిన చిక్కల్లా అదే. వాళ్ళు ఇంకా గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుండగానే, విశ్వనాథం గారు ఖాళీ గ్లాసులు ట్రేలో పెడుతూ, "ఏమ్మా, నీకు ఇష్టమేగా?" అన్నారు.

"మీ ఇష్టం నాన్నా" అంది ఫణిశ్రీ.

రోజుకి వందమంది ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పే పిల్ల, తన గురించి అడిగిన ఒక్క ప్రశ్నకి మాత్రం అలా చెప్పింది. ఏం చెప్పాలి మరి? ఇన్‌కమ్‌టాక్సు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడని ఒక మనిషి ఉన్నాడని చెప్పాలా?

వచ్చే వారం గురువారం అమావాస్య. దాంతో శ్రావణం వెళ్ళిపోతుంది, భాద్రపదంలో పెళ్ళి మాటలు ఆడరు. దాని ముందు రోజు, బుధవారం సాయంత్రం ఆరింటికి విశాఖపట్నానికి ఫోన్ చేసి మాట ఇస్తానన్నారు విశ్వనాథం గారు.

మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు, గురువారం మధ్యాహ్నం, వీరభద్రం గారు భోంచేసి కునుకు తీస్తుండగా, ఫణిశ్రీ తను సత్యప్రసాద్‌కి తెరిచిన ఆ మెయిల్‌కే ఉత్తరం రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాటల్లో. పంపే బటన్ నొక్కింది.

మర్నాడు సత్యప్రసాద్ రాలేదు. శనివారం రాలేదు. సోమవారం వచ్చాడు.

వచ్చేసరికి వీరభద్రం గారు ఎవరితోనో పెద్ద గొంతుతో అంటున్నారు: "మా ఫణికి సంబంధం కుదిరినట్టే! బ్యాంకు ఆఫీసరు!"

సత్యప్రసాద్ గుమ్మంలోనే ఆగాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి, "వచ్చిందాండీ బెంగుళూరు నుంచి?" అన్నాడు.

"రాలేదండీ."

అంతే. జేబులోంచి చీటీ తీయలేదు, ఇంకో ప్రశ్న అడగలేదు. వాన చూస్తూ ఒక్క క్షణం నిలబడి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

జవాబు వచ్చేసిందనుకుంది ఫణిశ్రీ. ఉత్తరంలో ఆమే రాసింది కదా, ఇష్టం లేకపోతే జవాబు రాయక్కర్లేదు, ఎప్పటిలా వచ్చి అడగండి, ఎప్పటిలా చెబుతాను అని. వచ్చాడు, అడిగాడు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఉల్లిపాయలు తరిగింది. ఉల్లిపాయలు అయిపోయాక కూడా కళ్ళు తుడుచుకుంటుంటే తల్లి మాణిక్యాంబ వింతగా చూసింది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి వీరభద్రం గారు, "అమ్మాయ్, బెంగుళూరు నుంచి ఎవరెవరికి రసీదు వచ్చిందో మెయిళ్ళన్నీ చూసి లిస్టు రాయి" అన్నారు. అందరి పాస్‌వర్డులూ ఆఫీసు రిజిస్టర్లోనే ఉంటాయి, ఇది రోజూ చేసే పనే. ఫణిశ్రీ అందరివీ తెరిచింది. ఒక్కటి మాత్రం ఆఖర్న పెట్టింది.

తెరిచింది. రెండు ఉత్తరాలున్నాయి. పైది బెంగుళూరు రసీదు. కిందిది తనది. రెండూ లావు అక్షరాల్లో ఉన్నాయి. చదివిన ఉత్తరం అక్షరాలు సన్నబడతాయి.

అంటే అతను చదవలేదు!

గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. రిజిస్టర్లో నంబరు చూసి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్. ఇప్పుడు చదివి మాత్రం ఏం లాభం, ఇష్టం లేదంటే ఉన్న పరువు కూడా పోతుంది కదా? తన ఉత్తరం పక్కనున్న గడిలో టిక్కు పెట్టింది. బాణం గుర్తు డిలీట్ మీదకి తీసుకెళ్ళింది. వేలు నొక్కనంటోంది.

బయట బండి ఆగింది.

"ఇదే ఆఖరుసారండీ" అన్నాడు సత్యప్రసాద్, కూర్చోకుండానే. "వచ్చిందో లేదో చెబితే వెళ్ళిపోతాను. ఇంక మిమ్మల్ని విసిగించను."

"వచ్చింది."

"హమ్మయ్య" అన్నాడు. ముఖంలో మాత్రం ఎక్కడా సంతోషం లేదు.

"మీ మెయిల్ మీరెందుకు చూసుకోలేదు?" ఫణిశ్రీ గొంతు తనకి తెలీకుండానే పెరిగింది. "చీటీ ఇచ్చాను కదా!"

"నాదేంటండీ? అది గవర్నమెంటుది కదా. బెంగుళూరు వాళ్ళ ఉత్తరాలకని మీరే తెరిచారు. నేను తెరిస్తే ఏం తప్పవుతుందోనని ముట్టుకోలేదు."

ఫణిశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "అందులో ఇంకో ఉత్తరం ఉంది. ఆరు రోజులైంది వచ్చి."

అతని ముఖం తెల్లబోయింది. "నోటీసా?"

"కాదు. కూర్చుని చదవండి."

"నా వల్ల కాదండీ. మీరే చదివిపెట్టండి."

"నేనా?"

"ఎంత కఠినంగా ఉన్నా పరవాలేదండీ. ఉన్నదున్నట్టు చదవండి."

పక్క టేబుల్ మీద పేపరు పేజీ తిరగడం ఆగిపోయింది. ఇప్పుడు చదవకపోతే ఇంకెప్పటికీ లేదు. ఫణిశ్రీ కంప్యూటర్లోకి చూస్తూ మొదలుపెట్టింది.

"సత్యప్రసాద్ గారికి. ఇది ఇన్‌కమ్‌టాక్సు విషయం కాదు, భయపడకండి. ఇప్పటికి మీరు నన్ను ఇరవై రెండు ప్రశ్నలు అడిగారు. నేను ఒక్కటే అడుగుతున్నాను. మా ఇంట్లో నాకు సంబంధం చూశారు. బుధవారం సాయంత్రం మాట ఇచ్చేస్తారు. మీరు ఇక్కడికి వచ్చేది ఆ కాగితం కోసమేనా? అయితే జవాబు రాయక్కర్లేదు. ఎప్పటిలా వచ్చి అడగండి, ఎప్పటిలా చెబుతాను. కాకపోతే మాత్రం..."

అక్కడ ఆగిపోయింది.

"కాకపోతే?" అన్నాడు సత్యప్రసాద్. ఎప్పుడు కూర్చున్నాడో కూర్చున్నాడు.

"కాకపోతే త్వరగా చెప్పండి. నాకు భయంగా ఉంది. ఇట్లు, ఫణిశ్రీ."

సత్యప్రసాద్ జేబులోంచి ప్రశ్నల చీటీ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"కాగితం కోసం మొదటి రెండుసార్లే వచ్చానండీ" అన్నాడు. "తర్వాత ప్రశ్నలు అయిపోయాయి. వెతుక్కోవాల్సి వచ్చింది. ఆఖరి నాలుగూ మా అటెండరు వీరబ్రహ్మం చెప్పినవి. ప్రశ్న లేకుండా ఎలా రావాలో తెలీలేదు. సోమవారం ఆ మాట విన్నాక... రెండు రోజులుగా ఫోన్ కూడా ఆన్ చేయలేదండీ."

"అంటే?" అంది ఫణిశ్రీ.

"అంటే మీరంటే నాకు ఇష్టం. చాలా."

వీరభద్రం గారు పేపరు పూర్తిగా మడిచేశారు. ఫణిశ్రీ లేచి నిలబడింది. "బాబాయ్‌గారూ, నేను..."

"నాలుగున్నరైంది" అన్నారాయన, కళ్ళజోడు సర్దుకుంటూ. "మీ నాన్న ఆరింటికి కదూ ఫోన్ చేసేది? నువ్వు నా స్కూటర్ ఎక్కు. ఆ అబ్బాయి తన బండి మీద వెనకాల వస్తాడు. ఊళ్ళో నలుగురూ చూస్తారు. ఏం డాక్టరు గారూ, చేతులు శుభ్రంగా ఉన్నాయా ఇవాళ?"

దారంతా ఫణిశ్రీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, ఆ బండి వస్తోందో లేదోనని. నాన్న ముందే ఫోన్ చేసేసి ఉంటే? ఎర్ర వంతెన దగ్గర కొబ్బరికాయల లారీ అడ్డం పడితే ఆమె నోట దేవుళ్ళ పేర్లన్నీ వచ్చాయి.

విశ్వనాథం గారు హాల్లో ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడులోంచి నంబరు చూసుకుంటున్నారు. ముగ్గురూ ఒకేసారి గుమ్మంలోకి రావడం చూసి వేలు ఆపారు.

"నాన్నా, చెయ్యొద్దు."

"ఏమైందమ్మా? నిన్నడిగాను కదా. నా ఇష్టం అన్నావు."

"అబద్ధం చెప్పాను నాన్నా. అప్పుడు ధైర్యం లేదు."

ఆయన కూతురి ముఖం చూశారు, తర్వాత గుమ్మం బయట చెప్పులు విప్పాలో వద్దో తెలీక నిలబడ్డ కుర్రాడిని చూశారు, తర్వాత తన స్నేహితుడిని చూశారు. వీరభద్రం గారు తల ఊపారు. వంటింట్లోంచి మాణిక్యాంబ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

విశ్వనాథం గారు ఫోన్ పక్కన పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇప్పుడు చెప్పు. నీకేం కావాలి?"

"సత్యప్రసాద్ గారిని చేసుకుంటాను నాన్నా" అంది ఫణిశ్రీ. ఒక్క మాట కూడా తడబడలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

విశ్వనాథం గారు గుమ్మం వైపు తిరిగారు. "లోపలికి రా బాబూ, వానలో నిలబడతావేం?" అని అతన్ని పిలిచి, ఫోన్ అందుకుని, విశాఖపట్నం నంబరు నొక్కారు.

"నమస్కారమండీ, విశ్వనాథాన్ని. క్షమించాలి, మా అమ్మాయికి ఇష్టం లేదండీ... లేదండీ, మీ అబ్బాయికి ఏ లోటూ లేదు. తప్పు నాదే. అవునండీ, ఆ రోజూ అడిగాను."

కూతురి తల మీద చెయ్యి వేశారు.

"ఇవాళ సరిగ్గా అడిగాను."