అమ్మ చేతుల మాటలు

ఆదివారం పొద్దున్నే అక్క రెండు గ్లాసుల కాఫీతో తమ్ముడి గదిలోకి వచ్చింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం వాడి పని. అమ్మ పోయి ఏడాది కావస్తోందని, పాత డీవీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్క వీడియోగా కూరుస్తున్నాడు.

తెర మీద ఒక బస్సు కనబడుతోంది. పదిహేనేళ్ల వయసులో అక్క హాస్టలుకు బయల్దేరిన రోజు నాన్న తీసిన వీడియో అది. కిటికీ కింద నిలబడి అమ్మ చేతులతో ఏదో చెబుతోంది. అమ్మకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. పిల్లలిద్దరూ ఆ చేతుల భాషలోనే పెరిగారు.

అక్క గ్లాసు కింద పెట్టేసింది. "ఏంట్రా ఇది? చెయ్యి ఇక్కడుంది, అంతలోనే అక్కడికి గెంతింది. మధ్యలో ఏమందో తెలీట్లేదు."

"పాత డీవీడీ కదక్కా. ఒక్కో బొమ్మలో రెండు క్షణాలు కలిసుంటాయి, గీత విడిచి గీత. ఏదైనా కదిలితే అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. చూడ్డానికి బాగోదని రెండో క్షణం గీతలన్నీ తీసేశా."

"తీసేశావా! అమ్మకి చేతులే కదరా నోరు? సగం మాటలు మింగేశావు!"

వాడికి రోషం పొడుచుకొచ్చింది. "ఆ రోజు నువ్వు చూసుంటే నాకీ తిప్పలెందుకు? తల అటు తిప్పేసుకున్నావుగా!"

అక్క మొహం పాలిపోయింది. నిజమే. బస్సులో కొత్త స్నేహితులు చూస్తారని సిగ్గుపడి, ఆ రోజు ఆమె అమ్మ వైపు చూడలేదు. ఏం చెప్పావమ్మా అని అడగడానికి ముఖం చెల్లక పద్దెనిమిదేళ్లు గడిపేసింది.

తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. డీవీడీ మళ్లీ పెట్టాడు. ఈసారి ఏ గీతనూ పారేయలేదు. కలిసిపోయిన రెండు క్షణాలనూ విడదీసి, దేనికి దానికి ఒక బొమ్మ చేశాడు. సెకనుకు బొమ్మలు రెట్టింపయ్యాయి. అమ్మ చేతులు ఎక్కడా తెగకుండా కదిలాయి.

అక్క ఒక్కో మాటా పైకి చదివింది. "నువ్వు చూడకపోయినా... పర్లేదు. నీ స్నేహితులున్నారుగా... నేనేం అనుకోను. సెలవులకి వచ్చాక... బోలెడు చెప్పుకుందాం."

"అమ్మకి తెలుసురా. అన్నీ తెలుసు."

"నేనూ అంతే అక్కా," అన్నాడు తమ్ముడు తల వంచుకుని. "స్కూల్లో దిగబెట్టడానికి వస్తే, అమ్మకంటే పదడుగులు ముందు నడిచేవాణ్ణి."

అక్క అరచేత్తో కళ్లు తుడుచుకుంది. నీ మీద అరిచాను, ఏమనుకోకు అని చేతులతో చెప్పింది. వాడూ చేతులతోనే బదులిచ్చాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష అది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆ భాషలోనే అమ్మ కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు.