స్తంభాలు పీకేసిన ఓడ

ఇంగ్లండులో ప్లిమత్ రేవులో మెలిసెంట్ ఓడకి అదే ఆఖరి వారం. సోమవారం నాడు దాన్ని విరగ్గొట్టే మనుషులు వస్తారు. ఓడకి కాపలా ఉండే ముసలాయన ఓబెద్ కండీ మధ్యాహ్నం రొట్టె, జున్ను తిని, డెక్కు మీద కూర్చుని పైపు కాల్చుకుంటున్నాడు.

ముప్ఫై ఆరు ఫిరంగుల యుద్ధనౌక అది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఓడలు రెండింటిని పట్టుకొచ్చింది. లిస్బన్‌కి సిపాయిల్ని మోసింది. జమైకాలో జ్వరాలకి తన మనుషుల్ని సగంమందిని పోగొట్టుకుంది. యుద్ధాలు ముగిశాక మూడు స్తంభాలూ పీకేసి, తాళ్ళూ తెరచాపలూ దించేసి, రేవు మధ్యలో గొలుసులతో కట్టి వదిలేశారు. పదిహేనేళ్ళుగా ఆ డెక్కు పైన ఆకాశం తప్ప మరేమీ లేదు.

మూడు గంటలవేళ, రేవులో జనాన్ని దాటించే పాస్కో పడవ వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దమనిషి చేతికర్ర పట్టుకుని మెల్లగా పైకెక్కాడు. ఓబెద్ పైపు తీసి లేచి నిలబడ్డాడు.

"గుర్తుపట్టావా, కండీ?"

"మిమ్మల్ని మరిచిపోతానా, కెప్టెన్ గారూ."

లాకియర్ దొర నవ్వాడు. "విరగ్గొట్టేలోపు ఒకసారి చూసి పోదామని వచ్చాను. మంచి ఓడ. నాకు పేరు తెచ్చిపెట్టింది."

ఆ పేరు కింద ఏముందో ఓబెద్‌కి తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట, ఒక పొగమంచు ఉదయం, ఫ్రెంచి సరుకు ఓడ ఒకదాన్ని తరుముతూ లాకియర్ ఈ ఓడని ఫ్రాన్సులోని బ్రిటనీ తీరందాకా తోలుకుపోయాడు. స్తంభం మీద కాపున్న డెంజిల్ రౌస్ ముందు రాళ్ళున్నాయని మూడుసార్లు అరిచాడు. చుక్కాని దగ్గరున్న ఓబెద్ విన్నాడు. పక్కనున్న కెప్టెనూ విన్నాడు. "అలాగే పోనీ" అన్నాడు. ఓడ రాళ్ళకి కొట్టుకుంది. ఓడని ఎలాగో ఈడ్చి తెచ్చారు గానీ, పదకొండుమంది మునిగిపోయారు.

విచారణలో, కాపున్నవాడు నిద్రపోయాడని చెప్పాడు లాకియర్. నీకేమైనా వినబడిందా అని ఓబెద్‌ని అడిగారు. లేదన్నాడు. డెంజిల్ వీపు మీద మూడు వందల కొరడా దెబ్బలు పడ్డాయి. మూడోరోజు ప్రాణం పోయింది.

సముద్రం వైపు నుంచి పొగమంచు నీళ్ళ మీద పాకుతూ వచ్చింది. చూస్తుండగానే ఓడ అంచులు కనబడకుండా పోయాయి. తడి జనుపనార వాసన వేసింది. కొత్త తారు వాసన... ఈ ఓడకి తారు పూసి ఎన్నేళ్ళైందో.

"కండీ," అన్నాడు లాకియర్ చిన్నగా, "ఓడ కదులుతోందా?"

"గొలుసులున్నాయి కదండీ."

కానీ కాళ్ళ కింద చెక్కలు ఒక పక్కకి ఒరిగాయి. గాలి లేదు. అయినా పైనెక్కడో తెరచాప గుడ్డ టపటపమంది. తాళ్ళు బరువుకి కిర్రుమన్నాయి.

అప్పుడు... చాలా పైనుంచి...

"ముందు రాళ్ళు."

మళ్ళీ వచ్చింది ఆ గొంతు. మూడోసారి ఇంకా నెమ్మదిగా. ఆ తర్వాత, ఇద్దరి చెవుల పక్కనే అన్నట్టు...

"వినబడిందా?"

"నాకేం వినబడలేదు," అన్నాడు లాకియర్. "నీకూ వినబడలేదు, కండీ. అర్థమైందా?"

ఓబెద్ టోపీ తీశాడు. "వినబడింది, డెంజిల్. ఆ రోజూ వినబడింది. నేను అబద్ధం చెప్పాను."

చేతికర్ర డెక్కు మీద పడి దొర్లింది. ఓబెద్ తిరిగి చూశాడు. లాకియర్ నిలబడ్డ చోట పొగమంచే ఉంది. ఎవరో బూట్లతో తాళ్ళ నిచ్చెన ఎక్కుతున్న చప్పుడు. ఒక్కో మెట్టూ... ఇష్టంలేని కాళ్ళని ఎవరో ఎత్తి పెడుతున్నట్టు...

"కండీ." ఆ పిలుపు తల పైనుంచి వచ్చింది. "నన్ను దించు."

ఇంకా పైకి.

"కండీ... రాళ్ళు కనబడుతున్నాయి. ముందు రాళ్ళున్నాయి. వినబడుతోందా? వినబడిందని ఒక్కమాట చెప్పు..."

ఓబెద్‌కి స్పష్టంగా వినబడుతోంది. ఆ ఒక్కమాట అంటే చాలు, లాకియర్ కిందికి దిగొస్తాడని అతనికి ఎందుకో తెలిసిపోయింది. నోటి దాకా వచ్చింది. డెంజిల్ వీపు గుర్తొచ్చింది. పళ్ళు బిగించి, టోపీని గుండెకి అదుముకుని, కదలకుండా నిలబడ్డాడు.

తర్వాత గాలి చీలిన చప్పుడు. డెక్కు అదిరింది.

మంచు విడిపోయాక డాక్టరు వచ్చి చూశాడు. శవంలో విరగని ఎముక లేదు. "నూరడుగుల ఎత్తునుంచి పడితే ఇలా అవుతుంది," అన్నాడు. తలెత్తి ఖాళీ ఆకాశాన్ని చూశాడు.

డాక్టరు తన పడవలో వెళ్ళిపోయాక పాస్కో పడవ తాడు విప్పకుండా అలాగే నిలబడ్డాడు.

"మంచు ఓడ చుట్టూ, కిందుగానే ఉంది, ఓబెద్ మామా," అన్నాడు గొంతు తగ్గించి. "నేను దూరంగా పడవలో ఉన్నాను కదా, మంచుకి పైన అంతా కనబడింది. దొరగారు ఉత్త గాలిలో ఎక్కుతూ వచ్చారు. వెనకాలే చొక్కాలేని మనిషి ఇంకొకడు."

"నువ్వు చూశావా?"

"చూశాను. ఇద్దరు ఎక్కారు మామా. ఒకరే పడ్డారు." పాస్కో తల పైకెత్తలేదు. "రెండోవాడు దిగడం మాత్రం నేను చూడలేదు."