మేడగదిలో జారే మేకు

ఆ మేడగదికి చెడ్డపేరు ఊరికే రాలేదు. పియానో టీచరమ్మ పోయి నెల తిరక్కుండానే మొదలైందట – రాత్రి పదకొండు దాటితే చాలు, చీకటి గదిలోంచి ఒకే స్వరం. టంగ్... టంగ్... మూలుగుతూ మూలుగుతూ పైకెక్కేది. ఆ తర్వాత చడీచప్పుడూ ఉండదు.

ఇంకేం, వీధివీధంతా నోటికి పని దొరికింది. టీచరమ్మ తిరిగొచ్చిందన్నారు. ఆవిడ పోయాక ఆవిడ చోట పాఠాలు చెప్తున్న కోడలి దగ్గర తొమ్మిదిమంది పిల్లలు కాస్తా ఇద్దరయ్యారు.

“రేపు పొద్దున్నే ఆ పియానో అమ్మేస్తున్నా,” అన్నాడు మొగుడు, దుప్పటి మొహమ్మీదికి లాక్కుంటూ. మహావీరుడు!

కోడలికి ఒళ్లు మండింది. దెయ్యమో గియ్యమో ఇవాళే తేలిపోవాలని, టార్చి పట్టుకుని మేడగదిలో తెర వెనక నక్కింది.

పదకొండు దాటింది. తలుపు కిర్రుమంది...

అత్తగారి శాలువా! నడిచొస్తోంది. పియానో మూత లేచింది... టంగ్...

చటుక్కున టార్చి వేసింది.

శాలువాలో – మామగారు. చేతిలో పియానో తీగలు బిగించే తాళంచెవి.

గుసగుసలాడే భాగ్యం కూడా లేదు; ఆయనకి పక్కన పిడుగు పడ్డా వినపడదు. చెవిలో నోరు పెట్టి అరిచింది. “ఏంటి మామయ్యా ఇది!”

“మేకు జారిపోతోందమ్మా,” అన్నాడాయన తాపీగా. “ఇదిగో, తీగ ఆ కొస ఇనప చట్రానికి తగిలించి ఉందా, అది చచ్చినా కదలదు. ఈ కొస చుట్టిన మేకేమో చెక్కలో దిగి ఉంది. చెక్క ఎండిపోయి పట్టు వదిలేస్తోంది. రోజూ కాస్త బిగించకపోతే నీ పాఠం అపస్వరమైపోదూ?”

“పగలు చెయ్యకూడదా!”

“పగలు పిల్లలుంటారుగా.”

ఆమెకి నవ్వాగలేదు. స్టూలు మీద కూలబడి మరీ నవ్వింది. ఇంక పియానో ఎక్కడికీ పోదు. తెల్లారనీ, ఆ దుప్పటివీరుడి పని చెప్తా!

మామగారు మీట నొక్కాడు, మేకు తిప్పాడు. నొక్కాడు, తిప్పాడు... టక్కున ఆపేశాడు.

ఆమె కూడా మీట నొక్కి చూసింది. స్వరంలో వెంట్రుకవాసి తేడా లేదు.

నవ్వు సగంలో ఆగింది.

“మామయ్యా...” మళ్లీ చెవిలో అరిచింది. “మీకు వినపడదుగా! ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తోంది?”

“నాకేం తెలుస్తుందమ్మా? మీ అత్తయ్య చాలన్నప్పుడు ఆపుతాను,” అన్నాడు. “కాస్త ఆ స్టూలు మీంచి లే. ఇందాకట్నుంచీ నిలబడే ఉంది.”