కట్టెలు మోసిన శనివారాలు

తుదోర్ మొదటి రోజే ఇలింకా కాలి మీద కట్టె పడేశాడు.

"కట్టెలు పొయ్యిలో వేయాలి బాబూ, మనుషుల మీద కాదు!" అంది ఆమె ఒంటికాలి మీద గెంతుతూ.

"సారీ అండీ... మిమ్మల్ని చూస్తూ..."

"చూస్తూ?"

"...చూసుకోలేదు."

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో అతని పని అయిపోయింది.

బ్రయిలా ఊళ్లో, డాన్యూబ్ నది ఒడ్డున, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు చలికాలమంతా కట్టెలు కొట్టిపెట్టే యువసేవా క్లబ్ అది. తుదోర్ చేరింది సేవ చేద్దామని కాదు. రోజూ ట్రామ్‌లో కనిపించే అమ్మాయి శనివారాలు అక్కడికి వెళ్తుందని తెలిసి చేరాడు.

సంగతి కనిపెట్టడానికి, వాళ్లిద్దరూ కట్టెలు కొట్టిపెట్టే ఇంటి సవేతా అవ్వకు ఎంతోసేపు పట్టలేదు. "ఏరా, ఆ పిల్ల ఎటు తిరిగితే నీ గొడ్డలీ అటే తిరుగుతోందే! నా కోళ్లు జాగ్రత్త" అనేది.

ఒక శనివారం ఇలింకాకు జ్వరం వచ్చింది. అవ్వ ఇంటికి తుదోర్ ఒక్కడే వెళ్లాలి. ఆమె లేనిచోట తనకేం పని అనుకుని, వాన వంక పెట్టి ఇంట్లో పడుకున్నాడు. ఆ వారమంతా అవ్వ పొయ్యి వెలగలేదు. చలికి దగ్గు ముదిరి ఆస్పత్రిలో చేరింది.

ఆస్పత్రి మెట్ల మీద ఇలింకా అతణ్ణి ఆపింది.

"నేనుంటేనే వస్తావా? రేపు నా మీద మోజు తీరితే నన్నూ ఇలాగే చలిలో వదిలేస్తావు."

క్రిస్మస్ రాకముందే ఆమె ఎక్కడో దూరాన ఉన్న క్లూజ్ నగరంలో టీచర్ ఉద్యోగానికి వెళ్లిపోయింది, మాటైనా చెప్పకుండా.

అవ్వ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశాక తుదోర్ వెళ్లి ఆమె తలుపు తట్టాడు.

"ఆ పిల్ల లేదుగా, ఎందుకొచ్చావు?"

"నీ కోసమే అవ్వా."

"అబద్ధమైనా వినడానికి బాగుంది. బూట్లు తుడుచుకుని రా."

ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు. కట్టెలు చీల్చాక, పడవ నడిపిన మొగుడి కబుర్లు అవ్వ చెబుతుంటే కూర్చుని వినేవాడు. అతను కాస్త ఆలస్యమైతే ఆమె కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూసేది. ఈ ముసలివాళ్ల ఇళ్లంటే ఇలింకాకు ఎందుకంత ఇష్టమో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసిందని చెప్పుకోవడానికి ఆమె లేదు. ట్రామ్‌లో ఆమె కూర్చునే సీటులో ఎవరైనా కూర్చుంటే కోపం వచ్చేది. ఖాళీగా ఉంటే గుండె బరువెక్కేది.

ఈస్టర్ ముందు, సన్నటి వానలో, అవ్వ పొగగొట్టం తుడిచి నిచ్చెన దిగుతున్నాడు. కింద ఇలింకా!

"అవ్వ ఫోన్‌లో అన్నీ చెప్పేది" అంది.

"ఏమని?"

"నీకు పొగగొట్టం తుడవడం రాదని."

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నువ్వు లేకపోయినా వస్తూనే ఉన్నాను ఇలింకా. కానీ నువ్వు లేకపోతే ఈ ఊరే ఊరులా లేదు."

ఆమె చేయి చాచి అతని చెంప మీది మసి తుడిచింది. అది ఇంకాస్త పరుచుకుంది.

"క్లూజ్ కూడా అంతే" అంది మెల్లగా. "వచ్చే నెల వెనక్కి వచ్చేస్తున్నాను."

"ముద్దు పెట్టుకుంటారో, లోపలికి వస్తారో తేల్చండి!" కిటికీలోంచి అవ్వ కేకేసింది. "సూప్ చల్లారిపోతోంది!"

ఆ పూట ముగ్గురూ చల్లారిన సూపే తాగారు.