కల్వర్టు కాడ ముసిల్ది

నర్సీపట్నం నుంచి కొండెక్కే రోడ్డు మీద ఓ కల్వర్టున్నాది. ఏ కల్వర్టో సెప్పను. సీకట్లో ఆడ ఆగినోడికి జొరం తప్పదని పేరు పడిపోనాది. తెల్ల కోక, ఇరబోసిన జుత్తు... లారీవోళ్ళు కూడా హారను కొట్టకుండా జారుకుంటారు.

నాతవరం సింహాద్రి లేడూ, షేరాటో నడుపుతాడు? "దెయ్యాలేటి, నా పెళ్ళాన్నే సూసినోణ్ణి నాను!" అని తెగ కోతలు కోసీవోడు.

ఓ రేత్రి కొండమీద పెళ్ళోళ్ళని దింపీసి ఖాళీ ఆటోతో దిగుతన్నాడు. సరిగ్గా కల్వర్టు కాడకొచ్చీసరికి — టపటపమని — ఇంజనాగిపోనాది.

లివరు లాగుతాడు... లాగుతాడు... ఉహూఁ.

ఎనకాల ఎవులో నిలబడ్డట్టున్నాది...

"ఆటోలో ఎవులున్నార్రా?" గుసగుసగా ఓ గొంతు.

"ఎ... ఎవులూ లేరు తల్లీ. నానూ, నా దరిద్రమూ."

"ఆడపిల్లలెవులైనా ఉన్నారా?"

"లేరమ్మా, ఒట్టు!"

దెయ్యానికి కాళ్ళు ఎనక్కుంటాయంటారు కదా — వొంగి సూసినాడు. హవాయి సెప్పులు. ఓదానికి పిన్నీసు.

"దెయ్యానికి సెప్పులేటే?" అనీసినాడు.

తెల్ల కోక ముసిల్ది పక్కున నవ్వినాది. "రాళ్ళు గుచ్చుకోవేటి నాయినా!"

అది కొండమీద సీతాలు. దాని మనవరాలు సిలకమ్మ సంతలో సీపుళ్ళమ్ముకుని నడిసొస్తంటే, బైకులోళ్ళెవులో ఈడ్సుకుపోనారు. తెల్లారి ఈ కల్వర్టు కిందే శవమై దొరికినాది. నవ్వితే ఇల్లంతా నవ్వీది, అలాటి పిల్ల... ఏటి సెప్పీది.

"ఠాణాకెల్తే కాలు జారి పడినాదన్నారు బావూ," సీతాలు గొంతు తగ్గించినాది. "కొండ పిల్లకి కాలు జారతాదేటి? మిగతా పిల్లలూ ఇటే నడవాల, సందేల ఓ మనిసిని కాపలా ఎట్టండంటే బయటికి తోసీనారు. మరి నానిలా నిలబడితే కార్లోళ్ళు దెయ్యం దెయ్యమని గోల సేసీసరికి — బేగి పోలీసు జీపొచ్చీసినాది! రోజూ సందేల ఈడే ఉంటాది. మా పిల్లలు దాని ముందునుంచే ఇళ్ళకెల్తన్నారు. దెయ్యం లేదని తెలిసినాదా... జీపెళ్ళిపోద్ది."

సింహాద్రి ఆటో తోసుకుంటా పల్లంలోకి దిగిపోనాడు.

తెల్లారి టీకొట్టు కాడ కానిస్టేబులు పైడిబాబు పట్టుకున్నాడు. "ఏరా, రేత్రి ఆ రోడ్డునే వొచ్చినావట... సూసినావేటి?"

సింహాద్రి గ్లాసు కిందెట్టి, అటూ ఇటూ సూసి, సెవి కాడకొచ్చి —

"సూసానండి. ఒకర్తి కాదండి బాబూ... ఇద్దరు. ముసిల్దాని పక్కన ఓ సిన్నపిల్ల. ఠాణాకి దారెటని అడిగినాదండి."