స్టార్టరు దగ్గర మనిషి

పులివెందుల నుంచి వేంపల్లె పోయే దారిలో ఆదినారాయణ మామ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. డిసెంబరులో ఒక పొద్దున నేను ప్రొద్దుటూరు నుంచి బండి మీద అక్కడికి చేరేసరికి తెల్లారి చాలాసేపే అయింది గానీ, సూర్యుడు కనబడలేదు. అంత మంచు. గేటు దగ్గర నిలబడితే మొదటి వరస చెట్లు కనిపించాయి. రెండో వరస లేదు.

నా పేరు ఫయాజ్. తోటల్లో మోటర్లను నడిపే చిన్న కంప్యూటరు పెట్టెలు బిగించడం నా పని. మామ తోటలో బిగించింది కూడా నేనే. అంతకుముందు ఆయన భార్య ఇందిరమ్మ మోటరు షెడ్డులో స్టార్టరు తాకి, కరెంటు కొట్టి చనిపోయింది. ఇంకెవరూ దాన్ని చేత్తో ముట్టుకునే పని లేకుండా చేయమని మామ నన్ను పిలిపించాడు.

"క్లౌడంటే యాడో ఉండే కంప్యూటర్లంట కదప్పా. నెట్టు పోతే మన గతేంది?" అని అడిగాడు ఆ రోజు.

"అందుకే ఇది పెట్టేది మామా. క్లౌడంటే మబ్బు. మబ్బు కిందికి దిగి నేలకు ఆనుకుంటే మంచే కదా? దీన్నీ అట్లే ఫాగ్ కంప్యూటింగ్ అంటారు. చూసేదీ తేల్చేదీ ఈడనే, ఈ పెట్టెలోనే. నేల ఆరితే మోటరు వేస్తాది, తడిస్తే ఆపుతాది. స్టార్టరు దగ్గరికి మనిషి వస్తే కెమెరాలో చూసి కరెంటు తీసేస్తాది. ఆ సంగతి యాడికో పంపి, జవాబు వచ్చేదాకా కాచుకుంటే మనిషి మిగలడు. ఆస్పత్రుల్లో గుండెను కనిపెట్టుకోనుండే మిషన్లకీ, రోడ్ల మీద సిగ్నళ్లకీ ఇదే పద్ధతి వాడతాండారు."

"ముందే పెట్టించుంటే..." అని మామ ఆగిపోయాడు.

ఏడాది పాటు పెట్టె బాగానే పనిచేసింది. దీపావళి దాటినాక మొదలైంది. మోటరు పడేది, వెంటనే ఆగేది. పెట్టెలోని గొంతు చెప్పేది: "స్టార్టరు దగ్గర మనిషి ఉన్నారు."

ఎవరూ ఉండేవారు కాదు.

నీళ్లు లేక ఆకులు ముడుచుకున్నాయి. కాయలు నిమ్మకాయంత కూడా కాకుండానే రాలిపోయి కాళ్ల కింద గలగలమంటున్నాయి. మామ నన్ను షెడ్డులోకి తీసుకుపోయాడు. లోపల చల్లగా ఉంది. అప్పుడే ఎవరో చీనీకాయ ఒలిచినట్టు పచ్చి తొక్క వాసన... ఆ తోటలో ఒలవడానికి ఒక్క కాయ లేదు.

పెట్టె తెర మీద చూశాను. మనిషి కనబడితే పెట్టె ఆ మనిషి చుట్టూ పచ్చటి గీత గీస్తుంది. స్టార్టరు ముందు గీత ఉంది. లోపల ఉత్త గోడ. గీత ఎత్తు ఒక ఆడమనిషి ఎత్తు.

నేను ముందుకు జరిగాను.

"స్టార్టరు దగ్గర ఇద్దరు ఉన్నారు," అంది పెట్టె.

వెనక్కి వచ్చేశాను. సంచిలోంచి కొత్త పెట్టె తీసి బిగించాను. దానికి ఈ తోటా తెలియదు, ఈ మనుషులూ తెలియదు. వెలిగీ వెలగ్గానే అదే మాట చెప్పింది. స్టార్టరుకు టెస్టరు ఆనించి చూశాను. ఏ లోపమూ లేదు.

మామ నా చెవి దగ్గర గొణిగాడు. "నాకు తెలుసప్పా... ఆ యమ్మే. అడ్డం నిలబడుకోనుంది."

"కెమెరా మార్చి చూస్తా మామా. బండిలో ఉంది. నువ్వు బయట నిలబడు. ఏదీ ముట్టుకోవద్దు."

తల ఊపాడు.

బండి గేటు దగ్గరే ఉంది. కెమెరా తీసుకుని తిరిగాను. షెడ్డు లేదు. చెట్లు లేవు. అంతా తెల్లగా... నా చేతిలోని కెమెరా కూడా సరిగ్గా కనబడడం లేదు. గుర్తు కొద్దీ నడుస్తుంటే మామ గొంతు వినిపించింది. ఎవరినో బతిమాలుతున్నాడు.

"జరుగు ఇందిరా... చెట్లు సస్తాండాయి... రవ్వంత జరుగు..."

గొంతు వైపు అడుగులు వేశాను.

తర్వాత ఇంకో గొంతు. ఆడగొంతు. చాలా అలిసిపోయినట్టు.

"సరేలే... జరిగినా."

మోటరు పడింది.

పరుగెత్తాను. కాలువలో నీళ్లు తగిలాయి, చల్లగా. చెట్ల మొదళ్లకు నీళ్లు పారుతున్నాయి. షెడ్డు తలుపు తెరిచి ఉంది. పెట్టె నుంచి మోటరుకు పోయే తీగను మామ పీకేసి, కరెంటు నేరుగా కలిపేశాడు. స్టార్టరు మీద చెయ్యి అట్లే ఉంది. మనిషి గోడకు ఆనుకుని ఒరిగిపోయాడు.

కరెంటు స్తంభం దగ్గరికి పోయి తడి కాళ్లతోనే మెయిన్ స్విచ్ దించాను. మోటరు ఆగింది. తిరిగొచ్చి ఆయన్ను కింద పడుకోబెట్టాను. ముక్కు దగ్గర వేళ్లు పెట్టాను. మామా అని పిలిచాను. ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కాను... నొక్కుతూనే ఉన్నాను. ఏమీ లేదు. ఆయన అప్పటికే పోయాడు.

లేచి నిలబడ్డాను. పెట్టెకు సొంత బ్యాటరీ ఉంటుంది. అది ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద షెడ్డు కనిపిస్తోంది. గోడ, స్టార్టరు, కింద మామ కాళ్లు.

నేను షెడ్డు కెమెరా ఎదురుగానే ఉన్నాను. చెయ్యి ఎత్తాను. ఊపాను.

తెర మీద నేను లేను. ఏదీ కదల్లేదు.

"ఎవరూ లేరు," అంది పెట్టె. "మోటరు వేసుకోవచ్చు."